గాలిలో పోయిందన్న సొమ్ము
(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఫ్యాటు గురించి, దాణా గురించి మాట్లాడబోవడం లేదు. పాల బిల్లు బ్యాంకులో పడిన తరువాత దానికి కాపలా ఎవరన్నదే నేటి విషయం.

శ్రీరామనవమి వెళ్ళిన తరువాత భద్రాచలం అడవి అంచున ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళాము. రెండు గేదెలు ఉన్న ఒక సభ్యురాలు వచ్చి, "సారూ, కల్యాణం జనంలో నా కార్డులోంచి ఎవరో గాలిలోనే డబ్బులు లాగేశారు" అని కన్నీరు పెట్టుకున్నది. పోయినది రెండు పక్షాల బిల్లు. ఊళ్ళో అందరూ తలా ఒక సలహా చెప్పారు. ఆమె మూడు వందలు పెట్టి కార్డుకు ఒక తొడుగు కొన్నది. బ్యాంకుకు మాత్రం ఎవరూ తీసుకుపోలేదు. అప్పటికి పదకొండు రోజులు గడిచాయి.

గాలిలో లాగడం అన్నది వట్టి పుకారు కాదు. మీ కార్డు మీద నాలుగు వంపు గీతలు ఉంటే, దుకాణంలోని మిషనుకు దగ్గర పెట్టగానే డబ్బు కట్టగలదు. 2021 జనవరి 1 నుండి 5,000 రూపాయల వరకు పిన్ నంబరు అడగకుండానే కట్టే వీలు రిజర్వు బ్యాంకు ఇచ్చింది. అయితే ఆ కార్డు పలుకు నాలుగైదు వేళ్ళ వెడల్పు దాటి పోదు. దొంగ దగ్గర మిషను ఉన్నా, అది ఒక బ్యాంకు ఖాతాకు కట్టి ఉంటుంది కాబట్టి డబ్బు ఎక్కడికి పోయిందో తెలిసిపోతుంది. పైగా చిప్పు ప్రతిసారీ కొత్త సంకేతం ఇస్తుంది, ఒకసారి విన్నది మరోసారి పనికిరాదు. ఏటీఎంలో పిన్ లేనిదే నోటు రాదు. అందుచేత ఈ దొంగతనం జరగవచ్చును గాని అరుదు.

తొడుగు కొనడం కన్నా సులువైనది మరొకటి ఉన్నది. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఈ సదుపాయాన్ని మూసుకొనే హక్కు ఖాతాదారుది. బ్యాంకు యాప్‌లోగాని, శాఖకు పోయిగాని "ట్యాప్ వద్దు" అని చెప్పండి. పైసా ఖర్చు లేదు.

కారు తాళం సంగతి వేరు. అశ్వారావుపేట, సత్తుపల్లి పామాయిల్ రైతుల ఇళ్ళకు కూడా బటను నొక్కితే స్టార్టయ్యే కార్లు వచ్చాయి. ఆ తాళం జేబులో ఉన్నా కారుతో మాట్లాడుతుంది. ఒకడు ఇంటి గోడ పక్కన, ఇంకొకడు కారు పక్కన పరికరాలు పట్టుకొని నిలబడితే, తాళం దగ్గరే ఉన్నదని కారు భ్రమపడి తెరుచుకుంటుంది. జర్మనీలోని ఏడీఏసీ అనే వాహనదారుల సంఘం ఇట్లా పలు కార్లను తీసి చూపింది. రాత్రిపూట తాళాన్ని మూత గట్టిగా పడే రేకు డబ్బాలో పెట్టండి. లాక్టోమీటరు వేయనిదే పాలు నమ్మనివారం, డబ్బాను మాత్రం ఎందుకు నమ్మాలి? డబ్బా పట్టుకొని కారు దగ్గరకు పోయి తలుపు లాగి చూడండి. తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు.

ఇక ఆ సభ్యురాలి సంగతి. పాస్‌బుక్కు వేయించి చూశాము. పోయినది కార్డు మీద కాదు, ఆధార్ వేలిముద్ర మీద. బ్యాంకు శాఖ లేని అడవి పల్లెల్లో చిన్న మిషను మీద వేలు పెట్టి డబ్బు తీసుకుంటున్నాము గదా, ఆ పద్ధతి. ఆమె ఎన్నడూ పోని ఊళ్ళో తీసినట్లు పద్దు ఉన్నది.

వేలిముద్ర దొంగతనం మన రాష్ట్రానికి కొత్త కాదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక మొబైల్ దుకాణదారు భూముల రిజిస్ట్రేషను దస్తావేజుల మీది ముద్రలకు నకళ్ళు తయారుచేసి, వేల సిమ్ కార్డులు తీసిన సంగతి బయటపడింది. కార్డు పోతే కొత్తది ఇస్తారు. వేలు పోతే ఎవరిస్తారు?

పాలు పితికే చేతుల గీతలు అరిగి ఉంటాయి, మిషను ఒకసారికి పట్టదు. "పడలేదు, మళ్ళీ వెయ్యి" అంటే మళ్ళీ వేస్తాము. ప్రతిసారీ చీటీ అడగండి. పడలేదన్న చీటీ చేతికి రానిదే రెండోసారి వేలు పెట్టవద్దు. ఫోన్ నంబరు ఆధార్‌కు కలిపి ఉన్నవారు ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చును. ఒక చిక్కున్నది. లాక్ వేస్తే రేషను దుకాణంలో కూడా వేలు పడదు. ఆనాడు తీసి, మళ్ళీ వేసుకోవాలి. శ్రమే, కాదనము.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు కాగితం ఇవ్వండి. తప్పు మనది గాని, బ్యాంకుది గాని కానప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే మనకు నష్టం ఉండదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఏడు దాటితే అది ఆ బ్యాంకు ఇష్టానికి పోతుంది. ఆమె కార్డుకు తొడుగు కొన్నది ఆ ఏడు దినాల్లోనే.

ఆమె పేరున మేము రాసిన దరఖాస్తు ఇంకా బ్యాంకులోనే ఉన్నది. ఈ పక్షం బిల్లు పడగానే సభ్యులందరూ పాస్‌బుక్కులు వేయించుకొని సంఘ కార్యాలయానికి తీసుకురావలసినదిగా మనవి. కార్యదర్శిగారు, మేము కూర్చొని వరుస వరుసా చదివి చెబుతాము.