ఉమ్మడి యంత్రము – కొలత పనిముట్లు

(పొట్టంగిలో తెలుగు కుటుంబముల కూటమున గావించిన ఉపన్యాస పాఠము)



మన యిండ్ల బిడ్డలు పలువురు విశాఖపట్టణమునను, హైదరాబాదునను, బెంగుళూరునను కంప్యూటరు కొలువులలో నున్నారు. సెలవులకు సుంకి కనుమ నెక్కి వచ్చినపుడు వారి నోట తఱచుగా వినబడు మాట "సర్వరు మందగించినది" యనునది. ఆ మాంద్యమును కొలుచు పనిముట్లు పెక్కు గలవు. వానిలో దేని మాట ఎంతవఱకు నమ్మవచ్చునో నేడు ముచ్చటింపదలచితిని.

ఒక పెద్ద యంత్రమును పలు చిన్న యంత్రములుగా విభజించి, ప్రతిదానికిని తానే సొంత యింటి యజమానినను భ్రమ గల్పించుట వర్చువల్ మెషీన్ పద్ధతి. ఇది నిన్న మొన్నటిది కాదు. ఐ.బి.ఎం. వారు వి.ఎం. 370 ను 1972 లోనే ప్రకటించిరి. సామాన్యపు సర్వర్లకు వి.ఎం.వేర్ వారి ఇ.ఎస్.ఎక్స్. 2001 లోను, జెన్ 2003 లోను, లినక్సు నందు కె.వి.ఎం. 2007 లోను, మైక్రోసాఫ్టు వారి హైపర్-వి 2008 లోను వచ్చినవి.

మన పొరుగుననే యున్న మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రమును తలచుకొనుడు. 1955 లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిన ఆ కేంద్రము ఆంధ్ర, ఒడిశా రాష్ట్రముల ఉమ్మడి సొత్తు. ఎవరి పాలు ఎంత వెడలినదో కేంద్రము నందలి మీటరు చెప్పును. మన యింటి మీటరు మనము వాడినది చెప్పును గాని, మనకు అందకపోయినది చెప్పజాలదు. వర్చువల్ మెషీన్ల చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

లినక్సు నందలి 'టాప్' ఇంటి మీటరు వంటిది. కె.వి.ఎం., జెన్ లపై నడచు అతిథి యంత్రములందు అది 'స్టీల్' అను గడిలో, ప్రాసెసరు ఇతరుల పనిలో నుండగా తాను వేచియున్న కాలమును చూపును. వి.ఎం.వేర్ పై నదే గడి, ప్రత్యేకముగా ఏర్పాటు చేసిననే తప్ప, సున్న చూపును. ఆ సున్నను చూచి యంతయు కుశలమనుకొనరాదు. హైపర్-వి యందలి తీరు వేఱు. ఆతిథేయ విండోసు లోని టాస్క్ మేనేజరు ఆ విండోసు తనకై వాడుకొనినదే చూపును. అతిథులన్నియు రొప్పుచున్నను అది ప్రశాంతముగా నుండును. నిజము కావలసినవారు పెర్ఫార్మెన్స్ మానిటరు నందు హైపర్-వి పేర నున్న ప్రాసెసరు కౌంటర్లను చూడవలెను.

వి.ఎం.వేర్ నందు చూడవలసినది 'రెడీ' యను అంకె. అనగా పనికి సిద్ధమైయుండియు ప్రాసెసరు దొరకక నిలిచిన కాలము. 'ఇ.ఎస్.ఎక్స్.టాప్' దీనిని అయిదేసి సెకన్లకు నూటికింతయని చెప్పును. 'వి-సెంటర్' పటము మిల్లీసెకన్లలో చెప్పును. ఇచ్చట అనుభవజ్ఞులును పొరబడుదురు. తక్షణ పటమున ఒక్కొక్క చుక్క 20 సెకన్లకు చెందినది. అందు 2000 మిల్లీసెకన్లున్న నూటికి పది, అనగా అనారోగ్యమే. నిన్నటి పటమున చుక్క 300 సెకన్లది. అదే 2000 అచ్చట నూటికి ఒకటి కన్న తక్కువ. నాలుగు ప్రాసెసర్ల అతిథియైనచో మొత్తమును మరల నాలుగింట భాగింపవలెను. ఈ లెక్క తెలియక, ప్రాసెసర్లు చాలలేదని మరి నాలుగు చేర్చువారు గలరు. అప్పుడు ఇన్ని ప్రాసెసర్లకు ఒక్కసారి తావు దొరకుట దుర్లభమై, యంత్రము మునుపటికంటె మందగించును, సొమ్మును పోవును.

జ్ఞాపకశక్తి సంగతియు నంతే. ఆతిథేయికి కొఱత కలిగినపుడు అతిథి లోపల 'బెలూన్' నుబ్బించి కొంత లాగికొనును. అతిథికి తన సరకు తఱుగుట కనబడును గాని, కొనిపోయినవాడు కనబడడు.

జాబిక్స్, ప్రొమీథియస్ మొదలగునవి పలు యంత్రముల అంకెలను ఒకచోట కూర్చి, కట్టు దప్పినపుడు హెచ్చరించును. ఉపకారమే. కాని నిమిషమున కొకమాఱు చూచునది పది సెకన్ల ఉప్పెనను పట్టజాలకపోవచ్చును. దీర్ఘకాలపు పటములు సగటులతో గీయబడును. 1,672 మీటర్ల దేవమాలిని పీఠభూమి సగటు ఎత్తుతో వర్ణించినట్లుండును. చిన్న కార్యాలయమునకు జాబిక్స్ నా మతమున మేలు. అది వి-సెంటరు అంకెలను, అతిథుల లోపలి అంకెలను రెంటిని స్వీకరింపగలదు.

2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ వి.ఎం.వేర్ ను కొనినది. మఱునెలలోనే శాశ్వత లైసెన్సుల విక్రయము నిలిపి, చందా పద్ధతిని నెలకొల్పిరి. ఖర్చునకు జంకి పలువురు కె.వి.ఎం. పై నడచు ప్రాక్స్‌మాక్స్ వైపు మఱలిరి. అట్లు మఱలువారు పాత పటములను, చుక్క ఎన్ని సెకన్లదో వ్రాసి మఱి భద్రపఱుపవలెను. 'రెడీ'యు 'స్టీల్' ఉను దాయాదులే గాని కవలలు గారు. కాలావధి తెలియని పాత అంకెను క్రొత్తదానితో పోల్చిన, యంత్రము మెఱుగుపడెనో చెడెనో ఎవరును తేల్చలేరు.