మందు ఎక్కడ పట్టుకుంటుంది?
(నరసరావుపేటలో చేసిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టి, 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూశారు. ఆయన జీవితకథ మీలో చాలామంది చదివినదే. అందుచేత నేను ఆయన చేసిన పని గురించే మాట్లాడతాను. అయితే పల్నాడులో నిలబడి ఔషధ రసాయనశాస్త్రం చెప్పేవాడు పత్తిచేను దాటి పోకూడదు. కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

పత్తికీ మిరపకూ కొడుతూ వచ్చిన పురుగుమందుల్లో మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటివి ఆర్గానోఫాస్ఫరస్ కుటుంబానివి. ఒంటిమీద పడినా, పీల్చినా, తాగినా అవి చేసే చెరుపు ఒకటే. మన నరాల చివర అసిటైల్‌కోలిన్ అనే పదార్థం ఊరుతుంది. కబురు అందించగానే అది విరిగిపోవాలి. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును పురుగుమందులోని భాస్వరం పట్టేస్తుంది. ఇక కబురు ఆగదు. నోటివెంట చొంగ, ఒళ్లంతా చెమట, కుంచించుకుపోయిన కంటిపాప, ఊపిరితిత్తుల నిండా స్రావం.

ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ ఆ ఎంజైమును తాకనే తాకదు. అసిటైల్‌కోలిన్ వెళ్లి అంటుకునే గ్రాహకాన్ని తాను ఆక్రమించి, కబురు చేరకుండా చూస్తుంది. ప్రాలిడాక్సిమ్ అలా కాదు. భాస్వరాన్ని ఎంజైము నుంచి ఊడబెరికేందుకే దాన్ని రూపొందించారు. ఆలస్యమైతే ఆ బంధం బిగుసుకుపోయి ఇక ఊడదు. రోగులకు దీనివల్ల ఒరిగే మేలు ఎంత అన్నదానిపై అధ్యయనాలు ఒక్కమాట మీద లేవు. అట్రోపిన్ విషయంలో ఆ సందేహం లేదు. కలుపుమందు పారాక్వాట్ తాగినవారికైతే విరుగుడే లేదు. విషం ఏ వర్గానిదో తెలిస్తేనే వైద్యం దారిలో పడుతుంది కనుక, రోగితోపాటు ఆ మందు డబ్బా కూడా తీసుకువెళ్లమని ఊళ్లో నలుగురికీ చెప్పండి.

ఇప్పుడు నియోస్టిగ్మిన్ సంగతి చూడండి. ఇదీ సరిగ్గా అదే ఎంజైమును పట్టుకుంటుంది. అయినా ఇది ఔషధం. మయస్థీనియా గ్రావిస్ రోగికి కండరాల్లో బలం తెస్తుంది. ఆపరేషన్ కోసం కండరాలను సడలించిన మందు ప్రభావాన్ని విడిపిస్తుంది. ఇక్కడ ఎంజైముతో ఏర్పడేది కార్బమేట్ బంధం. అది కొద్ది గంటల్లో దానంతటదే వీడిపోతుంది. మోతాదు సంగతి అటుంచితే, బంధం ఎంతసేపు నిలిచిందన్నదే ఇక్కడ విషాన్నీ మందునూ వేరుచేసింది. అణువు ఎక్కడ పట్టుకుంటుంది, ఎంత గట్టిగా, ఎంతసేపు? ఔషధ రసాయనశాస్త్రానికి ఇవే తొలి ప్రశ్నలు.

సుబ్బారావుగారి ప్రయోగశాల ఈ ప్రశ్నలకు గొప్ప జవాబులు చెప్పింది. 1940లో ఆయన లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన సోదరుణ్ణి బలిగొన్న స్ప్రూ రోగానికి అది మందైంది. (బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచే డిఇసి మాత్ర పుట్టిల్లు కూడా ఆ ప్రయోగశాలే.) కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. మరి దాని రూపాన్ని కొద్దిగా మారిస్తే? ఒక మూల ఆక్సిజన్‌ను తీసి అమైనో సమూహాన్ని పెడితే అమైనోప్టెరిన్ అయింది. దానికి ఒక మిథైల్ చేరిస్తే మెథోట్రెక్సేట్ అయింది. పెళ్లి బంతిలో ఒకరి విస్తరి ముందు మరొకరు కూర్చుని లేవకపోతే అసలు మనిషి ఆకలితోనే ఉండిపోతాడు. ఈ అణువులు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము దగ్గర చేసేది అదే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమైనోప్టెరిన్‌ను రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి, కొద్దికాలమే అయినా, రోగం తగ్గుముఖం పట్టింది. ఆ వ్యాసం 1948 జూన్‌లో అచ్చయింది. సుబ్బారావుగారు పోయింది ఆ తర్వాత రెండు నెలలకే.

ఇక వర్గీకరణ. మెథోట్రెక్సేట్‌ను ఏ వర్గంలో చేర్చాలి? నిర్మాణాన్ని బట్టి అది ఫోలేట్ చుట్టం. రోగాన్ని బట్టి ఒకచోట క్యాన్సర్ మందు, మరోచోట కీళ్లవాతం మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే ఏటీసీ పద్ధతి మందులను 14 ప్రధాన సమూహాలు చేసింది. అందులో మెథోట్రెక్సేట్‌కు ఎల్01, ఎల్04 అని రెండు చోట్ల స్థానం ఉంది. ఆస్పిరిన్‌దీ ఇదే కథ: నొప్పి మందుల్లో ఒకసారి, రక్తం గడ్డకట్టకుండా చూసే మందుల్లో ఇంకోసారి. మన ఔషధ నిబంధనల్లోని హెచ్, హెచ్1, ఎక్స్ షెడ్యూళ్లు మందును అమ్మే పద్ధతికి సంబంధించినవి. అది ఒంట్లో ఏం చేస్తుందో అవి చెప్పవు.

పరీక్షకు ఇవన్నీ రాయండి. మందు చేతికిచ్చేటప్పుడు మాత్రం అది ఎక్కడ పట్టుకుంటుందో చెప్పే వర్గమే ముందు గుర్తుకు రావాలని నా గట్టి నమ్మకం. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. ‘కీళ్ల మాత్ర’ అని మాత్రమే తెలిసిన మనిషి దాన్ని రోజూ మింగుతాడు. అప్పుడు ఎముకల మూలుగులో రక్తకణాల పుట్టుక ఆగి ప్రాణం మీదికి వస్తుంది. ఆ స్థితిలో ఫోలిక్ ఆమ్లం ఇచ్చినా విషప్రభావం విరగదు, ఎందుకంటే అది పనికి రావాలంటే మూతపడ్డ ఆ ఎంజైము గుండానే వెళ్లాలి. ఆ మెట్టు ముందే దాటిన ఫోలినిక్ ఆమ్లమే ఇవ్వాలి. ఇంత సంగతీ ‘ఫోలేట్ విరోధి’ అన్న ఒక్క వర్గనామంలో ఉంది.

విద్యార్థులారా, రేపు మీరు గురజాలలోనో మాచర్లలోనో మందుల షాపులో కూర్చుంటారు. మెథోట్రెక్సేట్ చీటీ వస్తే కవరు మీద ‘వారానికి ఒక్కసారి’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. ఏ వారమో కూడా రాయండి. చదువు రాని పెద్దవాళ్లయితే, ఆ వారం పేరు వాళ్ల నోట చెప్పించుకున్నాకే మాత్రలు ఇవ్వండి.