రంగాగారి లెక్క



నేను మద్రాసు వ్యాసర్పాడి వాణ్ణి. మా పక్కనే పెరంబూరులో బకింగ్‌హాం, కర్నాటిక్ బట్టల మిల్లులు ఉండేవి. 1996లో మూతపడ్డాయి. పల్లెల్లో జరుగుబాటు లేక ఈ మిల్లుల చుట్టుపక్కలకు చేరిన తెలుగువాళ్లు ఎందరో.

ఆ మిల్లులు జోరుగా నడిచే 1920లలో, ఇదే నగరంలో పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్రం చెప్పే ఒక తెలుగు ఆచార్యుడు మిల్లును కాక మగ్గాన్ని పట్టించుకున్నాడు. ఆయనే గోగినేని రంగనాయకులు, మీరెరిగిన ఎన్.జి. రంగాగారు. 1900లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు ఇంట పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చారు. నేతగాడికి నూలు అప్పిచ్చేదెవరు, గుడ్డ కొనేదెవరు, చివరకు చేతిలో మిగిలేదెంత? ఇటువంటి ప్రశ్నలతో చేనేత మీద ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకం 1930లో వెలువడింది.

ఆ ఏడే రాజకీయాల్లోకి దిగారు. వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నిలిచారు. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టి, కాలేజీలో చెప్పిన అర్థశాస్త్రాన్నే రైతులకు చెప్పారు. నా మట్టుకు ఆయన చేసిన పనులన్నింటిలో ఇదే గొప్పది.

1959లో నాగపూరు కాంగ్రెసు సహకార సేద్యాన్ని తీర్మానించింది. కమతాలు కలిపేస్తే రైతుకు తన చేనే తనది కాకుండా పోతుందని రంగాగారి వాదం. కాంగ్రెసు వదిలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి తొలి అధ్యక్షులయ్యారు. చిత్తూరు జిల్లా పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1962లో అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళితే, ఆ ఖాళీలో మీరు లోక్‌సభకు పంపింది రంగాగారినే. 1967లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలు వచ్చాయి. తర్వాత పార్టీ చితికింది. ఆయన తిరిగి కాంగ్రెసులో చేరి, 1980 నుంచి మూడుసార్లు గుంటూరులో గెలిచారు. 1995లో కన్నుమూశారు.

పార్టీలు మారారని ఆయన్ను ఆడిపోసుకున్నవారున్నారు. రైతు భూమి రైతుదేనన్న మాట మాత్రం ఆయన మార్చలేదు గదా! నా సందేహం వేరు. కూలీల గురించి ఆయన మాట్లాడలేదని అనను. కాని ఆయన లెక్కలో భూమి ఉన్న రైతు కనిపించినంత స్పష్టంగా సెంటు నేల లేనివాడు కనిపించడు. కమ్యూనిస్టులు ఆనాడే ఈ మాట ఎత్తారు. మా వీధిలో ముసలివాళ్లను అడిగి చూశాను. పొలం అమ్ముకుని వచ్చినవాళ్లు తక్కువ. అమ్ముకోవడానికి పొలమే లేక వచ్చినవాళ్లే ఎక్కువ.