కోడలికే ఎందుకు పరీక్షలన్నీ?
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిఖా అయి రెండేళ్లు దాటేసరికి మన ఇళ్లల్లో గుసగుసలు మొదలవుతాయి. కోడలికి స్కానింగులు, తాయెత్తులు, దర్గా మొక్కులు అన్నీ అయిపోతాయి. అబ్బాయిని మాత్రం ఒక్క పరీక్షకి రమ్మనరు. పైగా రెండో నిఖా మాట! సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి లోపం కూడా ఉంటుందని వైద్యశాస్త్రం చెబుతోంది. అందుకే, మొహమాటమైనా, ఈ సంగతి ఇక్కడ మాట్లాడదలచుకున్నాం.

బీజాల్లో తయారైన వీర్యకణాలు పక్కనే చుట్ట చుట్టుకుని ఉండే సన్నని గొట్టంలో ముదిరి బయటికి వస్తాయి. సెగరోగం, క్లమీడియా, క్షయ, ఒక్కోసారి మూత్రంలో చేరే మామూలు సూక్ష్మజీవులు కూడా ఆ దారిలోకి పాకుతాయి. వాపు వస్తుంది. క్రిములతో పోరాడే తెల్లకణాలు విడిచే పదార్థాలు వీర్యకణాలనే దెబ్బతీస్తాయి. పుండు మానినచోట మచ్చకట్టి గొట్టం మూసుకుపోవచ్చు. మాత్రలు క్రిమిని చంపుతాయి గాని మచ్చను కరిగించలేవు. తొందరగా వెళ్లమనడం అందుకే. క్లమీడియా అయితే చాలామందికి నొప్పీ మంటా లేకుండానే ఉంటుంది.

ఇక మన ఏలూరు వైపు బోదకాలు కొత్త కాదు. మురుగునీటి దోమ తెచ్చే ఆ పురుగు మగవాళ్లలో తరచు బీజాల దగ్గరి రసనాళాల్లో కాపురం పెడుతుంది. చలిజ్వరం, గజ్జల్లో బిళ్ల, ఆ తర్వాత వరిబీజం. తంగెళ్లమూడి మగ్గాల దగ్గరైనా, గూడెం ఉల్లిపాయల మార్కెట్లోనైనా, కొల్లేటి చెరువుల మీదైనా లుంగీ చాటున ఏళ్ల తరబడి దాచుకునేవాళ్లే ఎక్కువ. వరిబీజం ఉన్నంతమాత్రాన పిల్లలు పుట్టరని కాదు. కాని పదేపదే వచ్చే వాపు, నీటి ఒత్తిడి వీర్యాన్ని తగ్గించవచ్చు. నీరు ఆపరేషనుతో పోతుంది. 2004 నుంచి దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో డి.ఇ.సి. మాత్రలు ఇంటింటికీ పంచారు. మింగకుండా గూట్లో పడేసిన ఇళ్లు ఎన్నో!

పరీక్ష పెద్ద కష్టం కాదు. రెండు నుంచి ఏడు రోజులు భార్యకు దూరంగా ఉండి ల్యాబులో వీర్యం ఇవ్వాలి. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. కనుక మందు వాడాక మూడు నెలలకు మళ్లీ చూపించుకోవాలి. సుఖవ్యాధి అయితే దంపతులిద్దరూ మందు వాడాలి. గోడల మీద రాతలు రాయించుకునే బలం మందుల వాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి.

అత్తగార్లకు ఒక మాట. ఆ రిపోర్టు ముందుగా ఆ ఇద్దరినీ చూసుకోనివ్వండి.