పెండ్లి పందిరి – పరదేశపు గడువు
(మన సంఘ వార్షిక మహాసభయందు హైదరాబాదున చేసిన యుపన్యాసము)



భావనాఋషి సంతతివారమని చెప్పుకొను మనము ఈ మహాసభయందు విద్యార్థి వేతనములనుగూర్చియు, చేనేత సహకార సంఘములనుగూర్చియు, వసతిగృహ నిర్మాణమునుగూర్చియు పెద్దల యుపన్యాసములను వింటిమి. నాకు నియమింపబడిన విషయము వానివలె ఘనముగా తోపకపోవచ్చును. పెండ్లియై పరదేశమునకు పోయిన మన బిడ్డలు అచ్చటి నివాసపు గడువును పొడిగించుకొనుటకు సిద్ధపరచుకొనవలసిన దస్తావేజులనుగూర్చి నేను మాటలాడవలెను. కాగితములకు కూడ నొక యుపన్యాసమా యని నవ్వువారుందురు. నేను అబిడ్సులో అనువాదములు చేయుచు, దరఖాస్తులు వ్రాయుచు పెక్కేండ్లు గడపినవాడను. ఆ కాగితములలో నొక యక్షరము తప్పుటచే ఆడుబిడ్డ కాలిక్రింది నేల కదలుటను కన్నులార చూచితిని. కావుననే ఈ విషయమును సభ ముందుంచుటకు సాహసించితిని.

ఈ పట్టణమున రైలుస్థానమునకు ప్రభుత్వము పెట్టిన పేరు హైదరాబాదు దక్కను. ప్రజలు పిలుచు పేరు నాంపల్లి. ఆరవ నిజాము కాలమున ఆబిద్ అను ఆర్మీనియా వర్తకుడు అంగడి పెట్టగా, ఆ పేరే ఆ బజారునకు కలిగి, తుదకొక యక్షరమును చేర్చుకొని అబిడ్సు ఆయెను. స్థలమునకు రెండు పేర్లున్నను, పేరు వంకర తిరిగినను, ఉత్తరము చేరుచునే యున్నది. మనుష్యునకు మాత్రము అట్లు చెల్లదు. రెండు పేర్లున్న స్థలమును తపాలావాడు గుర్తించును గాని, రెండు పేర్లున్న వధువును పరదేశపు అధికారి గుర్తింపడు.

ఒక యుదాహరణము చెప్పెదను. సోలాపురమున స్థిరపడిన మనవాడొకడు హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్సులో నాంపల్లియందు దిగి, సంచినిండ కాగితములతో నా యొద్దకు వచ్చెను. అతని కుమార్తె భర్తతో ఇంగ్లండున నున్నది. ఆమె గడువు తీరుటకు మూడు వారములు మాత్రమే మిగిలియున్నది. పదవతరగతి పత్రములో ఇంటిపేరు ముందును, ఆమె పేరు తరువాతను గలవు. పాస్‌పోర్టులో ఆమె పేరు, తండ్రి పేరు, పుట్టినింటి పేరు గలవు. మహారాష్ట్రమున వ్రాయబడిన వివాహపత్రములో ఆమె పేరు ప్రక్కన భర్త పేరును, అత్తవారి ఇంటిపేరును గలవు. ఒక్క బిడ్డ మూడు కాగితములలో ముగ్గురైనది. ఆ తండ్రి వాని నన్నింటిని బల్లపై పరచి, "పెండ్లికి వెయ్యిమంది వచ్చిండ్రు సారూ, అండ్ల ఒక్కరినన్న అడుగరాదా?" అనెను.

ఆ ప్రశ్నయే నేటి నా యుపన్యాసమునకు మూలము. వెయ్యిమంది చూచిన పెండ్లి సముద్రము దాటిన వెంటనే సాక్షులు లేని పెండ్లి యగుచున్నది. అచ్చటి అధికారికి మన బాజాలు వినబడవు, మన పందిరి కనబడదు. కాగితము చెప్పినదే అతనికి వినబడును.

మొదట చట్టమును తెలిసికొందము. 1955 నాటి హిందూ వివాహ చట్టము ప్రకారము ఆచారానుసారముగా జరిగిన వివాహము చెల్లును. సప్తపది ఆచారముగాగల చోట ఏడవ యడుగుతో వివాహము పూర్తియగును. నమోదు చేయనంతమాత్రమున వివాహము చెడదని ఆ చట్టమే చెప్పుచున్నది. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002 లో వివాహముల నిర్బంధ నమోదు చట్టము వచ్చినది. 2006 లో సుప్రీముకోర్టు దేశమంతట వివాహములు నమోదు కావలెనని ఆదేశించినది. కనుక నమోదు అక్కరలేదని చెప్పు పెద్దల మాట నేడు పనికిరాదు.

దీనికి ఎదురైన తప్పు నొకటి మనలో ప్రబలుచున్నది. వరుడు పరదేశమున నుండి పది దినముల సెలవుపై వచ్చును. వీసాకు జాగగునని తలచి, పెండ్లికి ఆరు మాసములకు ముందే వధూవరులను రిజిస్ట్రారు కచేరికి కొనిపోయి, పెండ్లి జరిగినట్లు వ్రాయించుచున్నారు. ముహూర్తము తరువాత చూచుకొందమందురు. 2024 ఏప్రిలులో సుప్రీముకోర్టు ఈ యలవాటునే గర్హించినది. కర్మకాండ జరుగని చోట నమోదు పత్రము వివాహమును పుట్టింపజాలదని తీర్పు చెప్పినది. సోదరులారా! తరువాత ఆ సంబంధము చెడినచో బిడ్డ గతి యేమి? ముందు పెండ్లి, వెనువెంటనే నమోదు, ఇదియే క్రమము. క్రతువు జరిగిన తేదీయు, నమోదైన తేదీయు పత్రమున వేర్వేరుగా సరిగా వ్రాయబడినవో లేవో సంతకము చేయకముందే చదువుకొనవలెను.

ఇక పేరు సంగతి. మనవారు సిరిసిల్లలో నున్నారు, సోలాపురములో నున్నారు, భివండిలో నున్నారు. తెలుగుసీమలో ఇంటిపేరు ముందు నిలుచును. మరాఠీసీమలో తుదకు పోవును, నడుమ తండ్రి పేరో భర్త పేరో చేరును. ఒకే కులమున, ఒకే కుటుంబమున రెండు రీతులు గలవు. పాస్‌పోర్టులో ఇంటిపేరునకును, సొంతపేరునకును వేర్వేరు గడులున్నవి. పేరంతయు నొకే గడిలో వ్రాయించి రెండవ గడిని విడిచిన వారికి అమెరికా వీసాలో సొంతపేరు తెలియదని మూడక్షరములు అచ్చగును. పెండ్లియైనంతమాత్రమున స్త్రీ తన యింటిపేరు మార్చుకొనవలెనను శాసనము లేదు. మార్చుకొనదలచిన యెడల అన్నిట మార్చవలెను. లేనియెడల ఎచ్చటను మార్చరాదు. సగము మార్చుటయే సర్వానర్థములకు మూలము.

తప్పు పడినచో దస్తావేజు పుట్టినచోటనే దిద్దించవలెను. సోలాపురపు తండ్రికి నేను చెప్పినదియు ఇదియే. మహారాష్ట్రమున పుట్టిన పత్రమును నాంపల్లిలోని యే కచేరియు దిద్దజాలదు. ఆయన ఆ దినముననే మరలి వెళ్ళెను. మూడు పేర్లును ఒక్కరివేయని ప్రమాణపత్రమును సిద్ధపరచి పంపితిమి. గడువునకు నాలుగు దినముల ముందు ఆమె దరఖాస్తు చేరినది. ఇంగ్లండు చట్టము ప్రకారము గడువు తీరకముందే దరఖాస్తు చేసినవారికి తీర్పు వచ్చువరకు పూర్వపు హక్కు నిలుచును. తీరిన మరునాడు చేసినవారికి ఆ రక్ష లేదు. నాలుగు దినములు ఆ కుటుంబమును కాచినవి.

తరువాతిది ముద్రల విషయము. 1961 నాటి హేగు ఒడంబడికలో భారతదేశము 2005 లో చేరినది. ఆ ఒడంబడికలోని దేశములకు మన విదేశాంగశాఖ వేయు అపోస్టిల్ ముద్ర చాలును. అరబ్బు ఎమిరేట్లు అందులో చేరలేదు. కనుక దుబాయికి భార్యను పిలిపించుకొను సోదరుడు వివాహపత్రముపై ముందు రాష్ట్ర ప్రభుత్వము, పిదప విదేశాంగశాఖ, ఆపై ఎమిరేట్ల రాయబార కార్యాలయము ముద్ర వేయించి, తుదకు ఆ దేశపు విదేశాంగశాఖచే ధ్రువపరచుకొనవలెను. పత్రము ఏ రాష్ట్రమున పుట్టెనో ఆ రాష్ట్రమే మొదటి ముద్ర వేయవలెను. అమెరికాలో గడువు పొడిగింపునకు ఈ ముద్రలు అక్కరలేదు; పత్రము ఆంగ్లమున లేనిచో సంపూర్ణమైన అనువాదమును, తనకు రెండు భాషలును వచ్చునని, అనువాదము యథార్థమని అనువాదకుడు వ్రాసియిచ్చు మాటయు చాలును. ఈ భేద మెరుగక, దళారి చెప్పినట్లు అక్కరలేని ముద్రలకు వేలకొలది రూపాయలు పోయువారు అనేకులు.

ఇప్పుడు ముఖ్యాంశమునకు వచ్చెదను. మొదటి వీసా నడుగునప్పుడు, పెండ్లి జరిగినదా యని అధికారి ప్రశ్నించును. గడువు పొడిగింపు నడుగునప్పుడు అతని ప్రశ్న మారును: పెండ్లి నిలిచియున్నదా? దీనికి పెండ్లిఫొటోలు ప్రత్యుత్తరము గావు. ఇంగ్లండునకు భార్యగా పోయినవారికి మొదట 33 మాసములు, పొడిగింపున 30 మాసములు ఇచ్చి, అయిదేండ్ల పిదప స్థిరనివాసపు దరఖాస్తునకు అవకాశ మిత్తురు. పొడిగింపువేళ దంపతులు ఒకే యింట కాపురముండిరని తెలుపు ఆరు పత్రములు, కనీసము మూడు వేర్వేరు చోట్లనుండి వచ్చినవి, చూపవలసియుండును: అద్దె ఒడంబడిక, బ్యాంకు లెక్క, విద్యుత్తు పద్దు మొదలగునవి. 2024 ఏప్రిలు 11 నుండి క్రొత్తగా పోవువారికి సంవత్సరాదాయము 29,000 పౌనులుండవలెనను నియమమును వచ్చినది.

అమెరికా పౌరుని పెండ్లాడి, వివాహమై రెండేండ్లు నిండకముందే నివాసహక్కు పొందిన వారికి ఆ హక్కు రెండేండ్లకే యిత్తురు. ఆ రెండేండ్లు తీరుటకు ముందటి 90 దినములలో దంపతు లిద్దరును కలిసి దరఖాస్తు చేయవలెను. అక్కడ ఉద్యోగము చేయువాని భార్యగా నున్నవారి గడువు భర్త గడువుతో ముడిపడియుండును. పాస్‌పోర్టు గడువు వీసాకంటె ముందే తీరునట్లున్నచో, దేశమున ప్రవేశించునప్పుడు పాస్‌పోర్టు తేదీవరకే నివాసము వ్రాయుట గలదు. వీసా చూచి నెమ్మదిగా నుండి, ప్రవేశపు చీటిని చూడక, గడువు దాటినవారున్నారు.

ఈ నియమములు తరచు మారుచుండును. ఆయా ప్రభుత్వముల ప్రకటనలే ప్రమాణము. నా మాటయు గాదు, దళారి మాటయు గాదు. కాని ఒక్క మర్మము మారదు. కాపురపు కాగితములు గడువు చివరి మాసమున పుట్టవు. మొదటి మాసమునుండియే అద్దెపత్రమున ఇద్దరి పేర్లుండవలెను, బ్యాంకున ఇద్దరి ఖాతా యుండవలెను. మగ్గము తెలిసిన మనకు వేరే చెప్పనేల? పడుగున తెగిన పోగును బట్ట దింపిన పిదప అతుకజాలము.

సోదరులారా! ఇందులో దాగిన వేరొక సంగతిని చెప్పక మానినచో నేను దోషినగుదును. ఈ కాగితము లన్నియు భర్త పెట్టెలో నుండుట మనకు వాడుక. అద్దె ఆయన పేర, బ్యాంకు ఆయన పేర, పాస్‌పోర్టు అత్తగారి బీరువాలో. కాపురము చక్కగా సాగునంతవరకు ఎవరికిని బాధ లేదు. చెడిన దినమున ఆ బిడ్డకు దేశమున నిలుచు హక్కును లేదు, తిరిగివచ్చుటకు చేతిలో పుస్తకమును లేదు. గృహహింసకు లోనైన భార్యలు భర్త సహాయము లేకయే దరఖాస్తు చేసికొనుటకు అమెరికాలో 1994 నాటి చట్టము దారి చూపుచున్నది. ఇంగ్లండునను అట్టి నియమము గలదు. మన దేశమున జాతీయ మహిళా కమీషనునందు ప్రవాస వివాహముల విభాగము 2009 నుండి పనిచేయుచున్నది. అయినను ఈ దారులన్నింటను మొదట అడుగునది మరల కాగితమే. చేత కాగితము లేని బిడ్డకు తెరచిన తలుపును మూసినట్లే కనబడును.

కట్నములనుగూర్చి ప్రతి మహాసభయందును తీర్మానములు చేసితిమి. నేడు మరి మూడింటిని చేయవలెనని ప్రార్థించుచున్నాను.

మొదటిది: మన కల్యాణమండపములలో జరుగు ప్రతి వివాహమునకును నమోదు దరఖాస్తు నింపుటకు సంఘము నొక కార్యకర్తను నియమించి, పదవతరగతి పత్రము, పాస్‌పోర్టు, వివాహపత్రము మూడింటను పేర్లు సరిపోల్చవలెను.

రెండవది: పరదేశమునకు పోవు వధువు తన అసలు పత్రములను తన యొద్దనే యుంచుకొని, నకళ్ల కట్టను తల్లి యొద్ద ఉంచవలెను. లగ్నపత్రిక వ్రాసుకొనునాడే ఈ మాట ఇరువైపుల పెద్దలును ఒప్పుకొనవలెను. అడుగుటకు సిగ్గుపడరాదు. అడిగినందుకు అలుగు వియ్యంకుని ముందే గుర్తించుట లాభమే.

మూడవది: నాంపల్లి, అబిడ్సు ప్రాంతమున సంఘము పక్షమున వారమున కొక దినమైన ఉచితసహాయ కేంద్రము నడుపవలెను. నాంపల్లిలోని హజ్ హౌసునందు ముస్లిము సోదరుల వివాహపత్రముల పనిని వక్ఫ్ బోర్డు చిరకాలముగా చూచుచు వచ్చినది. మనమును అటువంటి యేర్పాటు చేసికొన్నచో సిరిసిల్లనుండియు సోలాపురమునుండియు వచ్చు తండ్రి దళారి చేతిలో పడకుండును.

ఆ తండ్రి ప్రశ్నకు నే నాడు బదులు చెప్పలేకపోతిని. నేడు సభాముఖమున చెప్పుచున్నాను. అన్నా! ఆ వెయ్యిమందిని పరదేశపు అధికారి అడుగడు. కాని ఆ వెయ్యిమందిలో అక్షరము తెలిసిన నలుగురము పందిరి విప్పకముందే నీ బిడ్డ పేరు సరిచూచియుండవలసినది. విందుకు వచ్చితిమి, అక్షింతలు వేసితిమి, ఆ పని మాత్రము చేయక మరలిపోతిమి. ఇకమీదట అట్లు మరలకుందము.