పచ్చబొట్టు: నొప్పి ఎవరిది, నిర్ణయం ఎవరిది?

(బంగారుపాళ్యంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సమావేశం మొదలయ్యే ముందు ఒక యువ కార్యకర్త "మేడం, పచ్చబొట్టు పొడిపించుకుంటే చాలా నొప్పిగా ఉంటుందా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోగా పక్కనున్న అవ్వ పచ్చబొట్లున్న ముంజేయి చాపి, "సూది నొప్పి రెండు దినాలే మే. కదలకుండా నన్ను అదిమి పట్టుకున్నారే, అదే ఇంకా మరిచిపోలేదు" అంది. నేను చెప్పబోయేదంతా ఆమె మాటకు వివరణే.

పచ్చ పొడవడం ఎరుకల స్త్రీలకు తరతరాల వృత్తి. మూడు నాలుగు సూదులు దారంతో కట్టి, దీపం మసిని ఆకు పసరులో కలిపి, చర్మం మీద గీసుకున్న గుర్తు వెంబడి పొడిచేవాళ్లు. మొదటి పోట్లు చీమలు కుట్టినట్టుంటాయని, అదే చోట మళ్లీ మళ్లీ పడేసరికి ఇక మంట ఒక్కటే తెలుస్తుందని పొడిపించుకున్నవాళ్లు చెబుతారు. ఎముక పైకి తేలిన మణికట్టు దగ్గర నొప్పి ఎక్కువ. కండ ఉన్నచోట కొంత నయం. పని కాగానే కడిగి పసుపు రాసేవాళ్లు. తర్వాత వాపు, పొక్కు, దురద. మసి చర్మం పైపొర దాటి లోపలి పొరలో నిలిచిపోతుంది గనుక పొక్కు రాలినా గుర్తు పోదు.

ఇంతవరకూ శరీరం సంగతి. మరి ఎనిమిదేళ్ల, పదేళ్ల పిల్లకు ఆ నొప్పి ఎందుకు? "ఈ మాత్రం ఓర్చుకోలేనిదానివి రేపు కాన్పు నొప్పులేం ఓర్చుకుంటావు?" అన్న మాట మీలో పెద్దవాళ్లు చాలామంది వినే ఉంటారు. ఆడదాని విలువ ఓర్పులో ఉందనే పాఠాన్ని కూడా సూదితోపాటే పొడిచారు. పితృస్వామ్యం ఆ పాఠాన్ని తల్లుల చేతనే చెప్పించింది.

అయితే పచ్చబొట్టును అణచివేత గుర్తుగా మాత్రమే చూస్తే ఈ స్త్రీలకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. నగలు కుదువకు పోయాయి. మొగుడు పోతే గాజులూ బొట్టూ తీసేశారు. చేతిమీది పచ్చను మాత్రం ఎవరూ ఒలుచుకుపోలేదు. "కాటికి నాతోబాటు వచ్చేది ఇదొక్కటే" అని ఒకామె అన్నప్పుడు నాకు గర్వమే వినిపించింది.

ఇక పొడిచిన స్త్రీ మాట. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించారు. చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడాదే. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను నమోదు చేసి, వేలిముద్రలు తీసుకుని, రాకపోకల మీద నిఘా పెట్టారు. ఊరూరా తిరిగితే తప్ప గడవని వృత్తి ఆమెది. తన ఆడపిల్లల చేతులను ఆమెకు అప్పగించిన సమాజమే ఆమెను దొంగ అంది. 1952లో చట్టం రద్దయింది గానీ అనుమానం రద్దు కాలేదు. 1993లో అమృత్‌సర్‌లో పోలీసులు నలుగురు స్త్రీల నుదుట 'జేబుదొంగ' అనే అర్థమొచ్చే మాటను పచ్చ పొడిపించారు. బాధ్యులకు శిక్ష పడింది 2016లో. ఆ నొప్పిని దేనితో కొలుస్తాం?

ఇప్పుడు అమ్మాయిలు తమకు నచ్చిన బొమ్మ ఎంచుకుని, మిషన్‌తో వేయించుకుంటున్నారు. మంచిదే. కొత్త సూది వాడమని గట్టిగా అడగండి. ఒకరి సూది మరొకరికి వాడితే హెపటైటిస్, హెచ్ఐవి సోకే ప్రమాదముంది. లేజర్‌తో తీయించుకోవాలంటే చాలాసార్లు వెళ్లాలి, అదీ నొప్పే. "నా పేరు పొడిపించుకుంటేనే నీకు ప్రేమ ఉన్నట్టు" అని పట్టుబట్టేవాడు పక్కనుంటే మాత్రం, అదిమి పట్టే చేయి మారిందే గానీ పోలేదని అర్థం.

కాబట్టి ఆ అమ్మాయికి నా జవాబు ఇది. నొప్పి ఉంటుంది, చాలామంది ఓర్చుకోగలిగినంతే. అయితే నువ్వు "చాలు, ఆపండి" అంటే సూది ఆగుతుందా? అది ముందు తేల్చుకో. తర్వాత చేయి చాపాలో వద్దో నీ ఇష్టం.