రంపెకు పిడి పెట్టిందెవరు, పేరు తీసుకున్నదెవరు?

(నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డు పల్లెలో, వాడ జనం మధ్య ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మనం ఒక కత్తి గురించి మాట్లాడుకుందాం. ఎవరూ ఉలిక్కిపడాల్సిన పని లేదు. ఇది పొడిచే కత్తి గాదు, పొట్టలు నింపిన కత్తి. దాని పేరు రంపె. మన తాతలు తోలు కోసిన కత్తి. మన ఇళ్లల్లో ఇప్పుడది చూరులో తుప్పు పడతా ఉండాది. తీసి చూపించమంటే సిగ్గుపడతాం. ఆ సిగ్గు మనది గాదు, మన మీద రుద్దింది. అందుకే ఈ మాటలు.

రంపె ఎట్టా తయారవుతాదో ముందు చెప్పుకుందాం. పాత లారీ కమాను పట్టీ ముక్క తెచ్చి కమ్మరి కొలిమిలో పెట్టిస్తారు. కమాను పట్టీయే ఎందుకు? మామూలు ఇనుము మెత్తన, దానికి పదును నిలవదు. కమాను పట్టీ ఉక్కు, పదును పట్టుకుంటాది. కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, ముందు భాగం వెడల్పుగా, పలచగా తీస్తాడు. పదును వైపు మళ్లీ కాల్చి నూనెలో ముంచుతాడు. అప్పుడు గట్టిపడతాది గానీ గాజు మాదిరి పెళుసవుతాది. అందుకని రాయితో తెల్లగా రుద్ది, సన్న సెగ మీద పెట్టి, ఆ తెలుపు ఎండుగడ్డి రంగుకు తిరిగిందాకా చూసి తీస్తాడు. ఆ రంగు దాటి నీలానికి పోతే పదును మెత్తబడినట్టే. కంటితోనే వేడిని కొలిచే విద్య ఇది. మేము బడిలో చెప్పే సైన్సు పుస్తకాల్లో ఈ పాఠం మాకెక్కడా కనపడలేదు.

ఇక పదును. రంపెకు పదును ఒక పక్కే తీస్తారు. రెండో పక్క పలక మాదిరి చదునుగా ఉంటేనే తోలు అంచు పలచగా చెక్కడానికి వీలు. అంచు ఏటవాలుగా ఉండే కత్తయితే కుడిచేతి వాటానికి వేరు, ఎడమచేతి వాటానికి వేరు. అంటే ఆ కత్తిని మనిషి చెయ్యి చూసి చెయ్యాల.

పిడి సంగతి చూడండి. మన తీరమంతా సరుగుడు తోటలే, కానీ ఎండేకొద్దీ సరుగుడు పగులుతాది. పిడికి చింత చేవో, తుమ్మ చేవో కావాల. అదీ బాగా ఎండినదే. పచ్చి కర్రయితే ఎండినాక బిగి వదిలేస్తాది. పిడి నోరు చీలకుండా ఇత్తడి పొన్ను తొడుగుతారు. బెజ్జంలో లక్క కరిగించి పోసి కత్తి తోకను దించుతారు. ఆ మీదట సింగారం. వరసగా ఇత్తడి మొలలు, చుట్టూ గీతలు, చివర దున్న కొమ్ము ముక్క. ఆ గీతలు చూపుకు మాత్రమే గాదు, చెమట చేతిలో పిడి జారకుండా ఆపుతాయి. అందమూ, అవసరమూ ఒక్క చోటే కూర్చున్నాయి. దీన్ని కళ అనకపోతే ఇంకేమంటారు?

మోటార్లు రాకముందు బావి నీళ్లు చేలకెక్కింది కపిలతో. ఎద్దులు లాగిన ఆ తోలు సంచిని కోసింది రంపె, కుట్టింది ఆరె. రైతు కాలి చెప్పు, ఎద్దు మెడ పట్టెడ, మన డప్పు మూత, అన్నీ రంపె కిందినుంచి వచ్చినవే. పండిన పంట ఇంటికి పోయింది, మనకు కల్లంలో మేర గింజలు మిగిలినాయి. పైగా అంటు అన్నారు. తోలు సంచిలో వచ్చిన నీళ్లకు లేని అంటు, ఆ సంచి కుట్టిన చేతికి ఎట్టా వచ్చింది?

మన జిల్లాలోనే ఉదయగిరి ఉంది. అక్కడ చెక్కతో చెంచాలు, ఫోర్కులు, కత్తులు నగిషీ పిడులతో చేస్తారు. చేసేవాళ్లలో ఆడోళ్లే ఎక్కువ. 2015లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాకు సంతోషం, వాళ్లూ మనలాంటి కష్టజీవులే. మేము అడిగేది ఒకటే. పిడిమీద పువ్వు చెక్కితే హస్తకళ, అదే పని రంపె పిడిమీద చేస్తే కులవృత్తి ఎట్టా అయింది? నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా పోయింది. లోకం ఆ కత్తులకు పెట్టిన పేరు మాత్రం డమాస్కస్. కరగబోసిన కొలిమి పేరు ఎవురికీ తెలవదు. పేరు పెట్టే అధికారం చేసినోడి చేతిలో లేకపోతే జరిగేది ఇదే.

అట్టని మన పిలకాయలు మళ్లీ రంపె పట్టుకోవాల అని మేము అనడం లేదు. కులం పని విభజన గాదని, పనిచేసేవాళ్లనే విడగొట్టేదని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పినాడు. పుట్టుకతో అంటగట్టిన పని, ఎంత గొప్పదైనా, సంకెలే. వద్దనే హక్కు మనకుండాల. చేస్తామనేవాడికి మర్యాద, గిట్టుబాటు ఉండాల. రెండూ కావాల.

చేస్తామనేవాళ్లకు ఒక మాట. 2023 సెప్టెంబరు 17న కేంద్రం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. అందులో 18 వృత్తులు. కమ్మరి ఉన్నాడు, చెప్పులు కుట్టేవాడూ ఉన్నాడు. పనిముట్లకు 15,000 రూపాయల దాకా, శిక్షణ రోజులకు దినానికి 500, మొదటి విడత లక్ష రూపాయల అప్పు 5 శాతం వడ్డీకి. ఇంటికి ఒక్కరికే. దరఖాస్తు మొదట పంచాయతీ దగ్గరే పరిశీలిస్తారు. అక్కడే మనవాళ్ల కాగితాలు ఆగకుండా చూసుకోవాల. ఒక్కరే పోవద్దు, పదిమందిగా పోండి. దరఖాస్తు నంబరు రాసిపెట్టుకోండి.

చివరిగా మనం చెయ్యాల్సిన పనులు మూడు. వాడలో మిగిలిన రంపెలు, ఆరెలు, గూటాలు ఎవురింట్లో ఏమున్నాయో, ఎవరు చేసినారో నోటు పుస్తకంలో రాయండి. పని తెలిసిన ముసలోళ్లు ఉండగానే వాళ్ల నోటి మాట పిలకాయల చేత రాయించండి. కొత్తగా చేసే ప్రతి పిడిమీదా చేసినోడి పేరు, ఊరు చెక్కండి. తోలుమీద తాతలు చేసిన పని కాగితంమీద మనం చేద్దాం.

జై భీం!